మూడో తరగతి చదువు ఎంతవరకు వచ్చిందో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

మన రాష్ట్రంలో తెలుగు, ఇంగ్లీషు, గణితాలకు తోడు పరిసరాల విజ్ఞానం ప్రత్యేక పాఠ్యాంశంగా పిల్లల చేతికి వచ్చేది మూడో తరగతిలోనే. 2021 జులై 5న కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా ఈ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం, మౌలికమైన లెక్కలు చేయడం రావాలని లక్ష్యంగా పెట్టుకుంది. మార్కుల కాగితం కోసం ఎదురుచూడకుండా, విజయవాడలో ఉండే తల్లిదండ్రులు రోజూ అరగంట కేటాయించి, ఒక వారంలో ఈ సంగతి తెలుసుకోవచ్చు.

ముందు తెలుగు చదివించండి. లెక్క తప్పిన బిడ్డ చాలాసార్లు కూడికలో కాదు, ప్రశ్నను చదవడంలోనే తప్పుతుంది కాబట్టి మిగతా పాఠ్యాంశాలన్నీ దీని తరువాతే. పాఠ్యపుస్తకంలోని పాఠం ఇస్తే కంఠస్థం చేసినది అప్పజెప్పే వీలుంది. అందుచేత బిడ్డ ఎన్నడూ చూడని చిన్న కథను ఇచ్చి, గడియారం చూస్తూ ఒక నిమిషం చదవనివ్వండి. నిపుణ్ భారత్ చెప్పిన కొలత నిమిషానికి కనీసం 60 పదాలు. అయితే తెలుగులో పదాలు ఒకదానితో ఒకటి కలిసి పొడుగవుతాయి కనుక నాలుగైదు పదాలు తగ్గినా కంగారు పడనవసరం లేదు. చదివిన తరువాత “ఆ పిల్లవాడు ఎందుకు ఏడ్చాడు?” వంటి ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు రావడం అంతకన్నా ముఖ్యం.

చదువుతూ ఆగినచోటల్లా ఏ అక్షరం అడ్డుపడిందో రాసిపెట్టుకోండి. సాధారణంగా అది సంయుక్తాక్షరమే అయి ఉంటుంది. దానికి మన ఊరి సిటీ బస్సుల బోర్డులను మించిన అభ్యాసం నాకు కనిపించలేదు: కృష్ణలంక, సత్యనారాయణపురం, ఇబ్రహీంపట్నం అని చదివించి, ఇంటికి వచ్చాక అవే పేర్లు చూడకుండా రాయించండి.

తరువాత సంఖ్యలు. 9,999 వరకు చదవడం, రాయడం రావాలి. “మూడు వేల నలభై ఏడు” అని చెప్పి రాయమంటే కొందరు 347 అనీ, కొందరు 300047 అనీ రాస్తారు. మొదటివారికి సున్నా చోటు తెలియలేదు, రెండోవారు విన్నది విన్నట్టు పేర్చారు. ఇద్దరికీ వేలు, వందలు, పదులు, ఒకట్లు అని నాలుగు గళ్లు గీసి నింపించాలి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లని చెప్పి, అది కిలోమీటరు కంటే ఎంత ఎక్కువో అడగండి.

ఎక్కాలు అప్పజెప్పినంత మాత్రాన గుణకారం వచ్చినట్టు కాదు. రైతుబజారులో కిలో వంకాయలు 30 రూపాయలనుకుంటే, నాలుగు కిలోలకు ఎంతో ముందు 30ని నాలుగుసార్లు కూడి, ఆపైన గుణించి చూపమనండి. 200 ఇస్తే తిరిగి ఎంత రావాలో అడిగితే తీసివేత కూడా తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో చిన్న వాక్యాలు చదివి, తన గురించి మూడు నాలుగు వాక్యాలు చెప్పగలిగితే ప్రస్తుతానికి చాలు.

పరిసరాల విజ్ఞానానికి ఒక సాయంత్రం బ్యారేజీ దగ్గరకు తీసుకువెళ్లి, కృష్ణ నీరు ఏలూరు, బందరు కాలువల్లోకి మళ్లి పొలాలకు చేరే తీరును చూపండి. తిరిగి వచ్చాక చూసినది ఐదు వాక్యాల్లో రాయించి, ఇంటి నుంచి బడికి దారిని దిక్కులతో సహా గీయించండి. అక్షరదోషాలను ఆ పూట దిద్దకండి. రాయాలన్న ఉత్సాహం చల్లారితే మళ్లీ తేవడం కష్టం.

వారం చివర రాసిపెట్టుకున్న కాగితంతో ఉపాధ్యాయుల్ని కలవండి. “మా అమ్మాయి లెక్కల్లో వెనకబడింది” అనడానికి బదులు, “మూడు వేల నలభై ఏడును 300047 అని రాస్తోందండీ” అని చెప్పి ఆ కాగితం చూపితే, ఏ పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టాలో వారికి అక్కడికక్కడే తెలుస్తుంది.