బోర్డ్ గేమ్స్ మేళాకు హైదరాబాద్ వెళ్లాలా? ముందు ఇవి చూసుకోండి

కరోనా కేసులు పెరుగుతున్న రోజులైతే, నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి మేళాకు పోదామనుకునే వాళ్లు పాస్ కొనకముందే ఆలోచించాల్సినవి:

– ఇంట్లో షుగర్, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లో, కీమో నడుస్తున్నవాళ్లో ఉంటే ఈసారి మానుకోండి. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే మన నుంచి ఇతరులకు సోకుతుంది. నాకేం కాలేదనుకుంటూ నానమ్మ పక్కనే కూర్చుని అన్నం తింటాం.

– గొంతు గరగరగా ఉన్నా, ఒళ్లు వెచ్చగా ఉన్నా వెళ్లొద్దు. ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చిందని ధీమా వద్దు, మొదటి రోజుల్లో అది పట్టుకోకపోవచ్చు. డబ్బులు పోతాయని గోలీ వేసుకుని వెళ్లడం తోటి ఆటగాళ్లకు అన్యాయం చేయడమే.

– హాలు గురించి నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి. కిటికీలు తెరుస్తారా, బల్లకు బల్లకు మధ్య ఎంత జాగా ఉంది? ఒక్కో ఆట రెండు మూడు గంటలు సాగుతుంది. నలుగురైదుగురు ఒకే బోర్డు మీదికి వంగి, ఆరు పడగానే ఒక్కసారిగా అరుస్తారు. ఇది ముఖ్యంగా గాలి ద్వారా సోకే జబ్బు కాబట్టి పాచికలు, కార్డులు శానిటైజర్‌తో తుడుస్తామంటే సరిపోదు. తలుపులు మూసిన ఏసీ హాలైతే నేనైతే వెళ్లను.

– ఎన్‌95 మాస్క్ పెట్టుకుని ముక్కు మీది రేకు నొక్కండి. సందు ఉంటే గాలి అటే పోతుంది.

– టిఫిన్, చాయ్ ఆరుబయటే. మాస్క్ తీసేది అప్పుడే కదా.

– తిరిగొచ్చాక ఐదారు రోజులు విడిగా పడుకోవడానికి ఇంట్లో గది ఉందా? లేకపోతే ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడుకోండి.