చలికాలంలో ఆపరేషన్ లిస్టు ఆగకూడదంటే

నేను ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు వేసే సిస్టర్‌ని. చలికాలంలో కేసులు క్యాన్సిల్ అయ్యేది చాలాసార్లు సర్జన్ లేక కాదు, ఆపరేషన్ అయ్యాక పడుకోబెట్టడానికి బెడ్ లేక. అందుకే ముందు బెడ్లను కాపాడుకోవాలి.

ఆపరేషన్ పేషెంట్లకు ఒక వార్డు విడిగా ఉంచండి. జ్వరం, దగ్గు కేసులు అందులోకి రాకూడదు. అక్కడి నర్సులను వీలైనంతవరకు వేరే వార్డుల్లో డ్యూటీ వేయకండి. రాత్రిపూట క్యాజువాలిటీ నుంచి ఫోన్ వస్తుంది: "సిస్టర్, ఈ ఒక్క రాత్రికి ఒక్క బెడ్ సర్దండి." వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ అందులో ఫ్లూ పేషెంట్‌ను పడుకోబెడితే, పొద్దున మోకాలి ఆపరేషన్‌కు వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లాల్సిందే. ఆ నిర్ణయం నైట్ సిస్టర్ మీద వదిలేయకండి. ఎవరు ఒప్పుకుంటే బెడ్ ఇవ్వాలో సీజన్‌కు ముందే రాసి అతికించండి.

ఐసీయూ అవసరమయ్యే పెద్ద ఆపరేషన్లలో ఆగగలిగినవాటిని రద్దీ నెలల్లో పెట్టకండి. ఆ వారాల్లో హెర్నియా, శుక్లాల్లాంటి డే కేర్ కేసులు, అంటే అదే రోజు ఇంటికి పంపగలిగేవి, ఎక్కువ వేయండి. క్యాన్సర్ కేసులను మాత్రం కదపొద్దు.

అడ్మిషన్‌కు రెండు మూడు రోజుల ముందు పేషెంట్‌కు ఫోన్ చేయండి. "బాగున్నారా?" అంటే "బాగానే ఉన్నానమ్మా" అనేస్తారు, డేట్ పోతుందేమోనని టెన్షన్. జ్వరం వచ్చిందా, దగ్గితే కఫం పడుతోందా, ఇంట్లో ఎవరికైనా విరేచనాలా అని ఒక్కొక్కటే అడగండి. "వాయిదా పడినా కొత్త డేట్ ఇప్పుడే ఇస్తాను" అంటే నిజం చెబుతారు. ఆ ఖాళీ వృథా కాకుండా, పరీక్షలన్నీ పూర్తయి, పిలవగానే రాగలిగినవాళ్ల పేర్లు దగ్గర పెట్టుకోండి.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ మీద ఆధారపడొద్దు, సబ్బు నీళ్లతోనే చేతులు కడగాలి. మంచం కమ్మీలు, తలుపు పిడులు క్లోరిన్ ద్రావణంతో తుడిపించండి. వాంతులు, విరేచనాలు అయిన స్టాఫ్ పూర్తిగా తగ్గాక 48 గంటలు డ్యూటీకి రాకూడదు, మనుషులు తక్కువున్నా సరే. ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు 2 వారాలు పడుతుంది, సీజన్ మొదలవకముందే అందరికీ వేయించండి.

క్యాన్సిల్ చేయక తప్పకపోతే పొద్దున్నే చెప్పేయండి. పరగడుపున మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టడం అన్యాయం. ముందు ఏదైనా తినిపించి, కొత్త డేట్ రాసి చేతికివ్వండి. రెండోసారి ఆ కేసు ఆగకుండా లిస్టులో పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టండి.