పంచాయతీ పద్దులో క్యాన్సర్ పరీక్షలకు చోటు పెట్టించడం ఎలా?

కొండపి దగ్గర ఒక పల్లెలో వార్డు మెంబర్ని. మాది పొగాకు నేల, నోట్లో చుట్ట లేని ముసలాయన అరుదు.

క్యాన్సర్ వైద్యం ఖర్చు పంచాయతీ మోయలేదు. దానికి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం, ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. మనం ఖర్చు పెట్టాల్సింది జబ్బును ముందే పట్టుకోవడానికి. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితమే. మరి డబ్బు దేనికంటారా? ఆటోలకి, లైటుకి, అన్నిటికంటే ముఖ్యంగా తెరలకి. తలుపు సరిగా పడని గదిలో ఏ ఆడమనిషీ పరీక్షకు ఒప్పుకోదు. ఇది మగ మెంబర్లకు రెండుసార్లు చెప్పాలి.

అక్టోబరు 2 నుంచి గ్రామ అభివృద్ధి ప్రణాళిక సభలు మొదలవుతాయి. ముందే ఏఎన్ఎం, ఆశాలతో కూర్చుని జాబితా రాసుకోండి. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో టైడ్ భాగం, అంటే ముందే పని కట్టేసిన డబ్బు, నీళ్లకు, పారిశుధ్యానికే. 2021-26లో అది 60 శాతం. కాబట్టి అన్‌టైడ్ నుంచి, అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే మిగతా భాగం నుంచి అడగండి. కార్యదర్శి "చూద్దాంలేమ్మా" అంటే ఆగకండి, తీర్మానం మినిట్స్‌లో ఎక్కేదాకా కుర్చీ వదలొద్దు.

బడికి 100 గజాల లోపు గుట్కా, సిగరెట్లు అమ్మకూడదని 2003 చట్టం. దీనికి పైసా ఖర్చు లేదు, కొట్టువాళ్లతో తగువు తప్ప.