సొంతంగా స్ప్లిట్ ఏసీ బిగించుకునే ముందు

ముందు కరెంటు సంగతి. ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా ఒక లైను, దానికో ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. ఈ ఒక్క పనీ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ప్రాణాలతో వ్యవహారం.

కొనేటప్పుడు, పైపుల్లో గ్యాస్ ముందే నింపి వచ్చే కిట్టేనా అని అడగండి. మామూలు స్ప్లిట్ అయితే పైపుల్లోని గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పంపు కావాలి. అది లేకుండా మొదలుపెట్టకండి. ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది కాబట్టి దగ్గర్లో మంట వద్దు, తలుపులు తీసి ఉంచండి. గ్యాస్ నింపిన పైపు పొడుగైందని కోయకూడదు. మిగిలింది వెడల్పాటి చుట్టగా చుట్టి కట్టండి, రాగి పైపు నలగకుండా.

మైపాడు, కొత్తపట్నం లాంటి ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలితోనే అసలు టెన్షన్. మైపాడులో మా బంధువుల ఇంటి బయటి యూనిట్ రేకుల్ని వేలితో తాకితే తెల్లటి పొడి రాలింది. తుప్పు పట్టకుండా పూత వేసిన కాయిల్ తీసుకోండి. యూనిట్‌ను సముద్రం వైపు గోడకు కాకుండా అవతలి గోడకు పెట్టండి.

ఏసీ సైజులో 1 టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) వేడిని లాగేయడం. గది పైకప్పు ఎండకు బాగా వేడెక్కేదైతే 1.5 టన్ను చూడండి. మన చలికి హీటర్ ఉన్న మోడల్ కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

నీళ్ల పైపు బయటికి వాలుగా ఉండాలి. మా ఇంట్లో అది కాస్త ఎత్తుకు లేచి, రాత్రికి నీళ్లు గోడ వెంట కారి పరుపు తడిసింది. స్విచ్ వేయకముందే లోపలి యూనిట్ కింది ట్రేలో చెంబుడు నీళ్లు పోసి, బయటికి వస్తున్నాయో లేదో చూడండి.