పాత డర్ట్ బైక్ బ్రేకులు – 3వ పాఠం: పట్టేసిన ప్యాడ్ పిన్ను

కిందటి పాఠంలో కాలిపర్‌ను (ప్యాడ్లతో డిస్కును నొక్కి బండిని ఆపే భాగం) కడిగించాను గానీ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నుంచి విప్పనివ్వలేదు. కారణం ఇదీ. ప్యాడ్లను కాలిపర్‌లో నిలిపి ఉంచే ప్యాడ్ పిన్ను పట్టేస్తే, దాని మీద బలం పెట్టేటప్పుడు కాలిపర్‌ను కదలకుండా పట్టుకోవడానికి ఆ ఫోర్కును మించిన వైస్ మన ఇళ్లలో ఉండదు. విప్పి ఒళ్లో పెట్టుకుని కుస్తీ పట్టినవాళ్లకు వేళ్లు చెక్కుకుపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

1990ల నాటి జపాన్ డర్ట్ బైకుల్లో తరచుగా కనిపించే నిస్సిన్ కంపెనీ కాలిపర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పిన్ను ఉక్కు, కాలిపర్ అల్యూమినియం. ఈ రెంటి మధ్య బురదనీరు చేరి ఏళ్ల తరబడి నిలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, పిన్ను మరల (థ్రెడ్ల) సందుల్లో సిమెంటులా గట్టిపడుతుంది. మనం తలపడుతున్నది ఆ పొడితో. అందుకే ఒట్టి కండబలం పనికిరాదు.

ముందు పిన్ను మీది మూత తీయాలి. అది మెత్తటి లోహం. గాడిలో నిండుగా కూర్చునే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. గాడి చితికిపోతే చిన్న ఉలిని మూత అంచున ఏటవాలుగా ఆనించి, ఎడమవైపు తిరిగేలా మెల్లగా తట్టండి.

మూత కింద 5 మి.మీ. అలెన్ కీ పట్టే ఆరు మూలల గుంట ఉంటుంది. దాని అడుగున ఎండిన మట్టిని సూదితో పూర్తిగా గీకేయండి. అర మిల్లీమీటరు మట్టి మిగిలినా కీ పైపైనే పట్టి మూలలను అరగదీస్తుంది. నా మొదటి బైకు పిన్నును నేను పాడుచేసింది ఇక్కడే: అరిగిన కీ, అడుగున మట్టి, పైగా ఆదివారం సాయంత్రపు తొందర. మూడో ప్రయత్నానికే గుంట గుండ్రమైపోయింది.

శుభ్రమయ్యాక పిన్ను మరల దగ్గర రెండు చుక్కల పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) వేసి రాత్రంతా వదిలేయండి. రెండు చుక్కలు చాలు. పెట్రోలియం నూనె తగిలితే పిస్టన్ రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. ప్యాడ్లు, డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

మర్నాడు కొత్త 5 మి.మీ. అలెన్ బిట్‌ను గుంటలో దింపి, దాని వెనుక సుత్తితో అయిదారు గట్టి దెబ్బలు వేయండి. ఆ అదురుకు పొడి పగులుతుంది. తర్వాత హాట్ ఎయిర్ గన్‌తో పిన్ను చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. నీటి చుక్క సుయ్‌మని ఆవిరైతే చాలు, అంతకు మించవద్దు. లోపల బ్రేక్ ఫ్లూయిడ్ ఉంది, సీళ్లున్నాయి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 10 మి.మీ. పిన్ను దగ్గర 100 డిగ్రీలకు వచ్చే తేడా మిల్లీమీటరులో నూరో వంతే, కానీ మనకు కావలసింది ఆ నూరో వంతే. ఒక్క హెచ్చరిక: బ్రేక్ క్లీనర్ చల్లిన చోట వేడి పెట్టకండి. క్లోరిన్ ఉన్న రకమైతే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది.

వేడి మీదుండగానే తిప్పండి. మొదట బిగించే వైపు ఒక వెంట్రుకవాసి, ఆ తర్వాత వదులు చేసే వైపు. టక్కుమన్న చప్పుడు వస్తే పని అయినట్టే. కీ మెత్తగా జారుతున్నట్టు చేతికి తెలిస్తే మాత్రం అక్కడే ఆపండి. మొండికేస్తే మొదటికే మోసం వస్తుంది.

గుంట అప్పటికే గుండ్రమైతే టీ30 టార్క్స్ బిట్‌ను (నక్షత్రం ఆకారపు కొస ఉన్నది) సుత్తితో దిగగొట్టి తిప్పి చూడండి. దానికీ లొంగకపోతే నాకు నచ్చిన దారి ఒకటుంది. ప్యాడ్ల మధ్య కనిపించే చోట పిన్నును హాక్సా బ్లేడుతో రెండుగా కోసేయండి. పాత ప్యాడ్లు ఎటూ పోయేవే. అవి బయటికొచ్చాక కాలిపర్‌ను విప్పి, మర ఉన్న ముక్క కొసను వైస్ గ్రిప్‌తో (బిగిసి పట్టే పటకారు) పట్టి తిప్పవచ్చు. లోపలి నుంచి చూస్తే దిశ తిరగబడుతుందని మరవకండి. బయటి నుంచి ఎడమకు తిరిగేది, ఇటు నుంచి కుడికి తిరుగుతుంది. ఈ ఒక్క పొరపాటుతో సగం వదులైన పిన్నును మళ్లీ బిగించేసినవాళ్లున్నారు, వారిలో నేనూ ఒకడిని. ఇదీ కుదరకపోతే లేతు షాపుకు ఇవ్వండి. చేతి డ్రిల్లు కాస్త పక్కకు జరిగిందంటే కాలిపర్ మరలే పోతాయి.

పిన్ను బయటికొచ్చిందా? ప్యాడ్లు ఆనే చోట గోరుతో గీయండి. గోరు తట్టుకునేంత మెట్టు పడి ఉంటే ఆ పిన్ను చెత్తబుట్టకే. కొత్త పిన్నుకు సిలికాన్ బ్రేక్ గ్రీజు పలుచగా రాసి, సుమారు 18 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మూతకు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) ఉంటే కొత్తది వేయండి, లోపలికి నీరు దిగకుండా కాపాడేది అదే. కానీ ఇవన్నీ ఇప్పుడే బిగించకండి. వచ్చే పాఠంలో పిస్టన్లు తీయాలి. అప్పటిదాకా కాలిపర్‌ను గుడ్డలో చుట్టి ఉంచి, లీవరు నొక్కకుండా చూసుకోండి.