గీజర్ కాయిల్ మార్చే ముందు రెండు అంకెలు చూడండి

బెంగళూరు మారతహళ్లిలో నాది చిన్న రిపేరు షాపు. మాది మదనపల్లె, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లయింది. చుట్టుపక్కల పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) మనవాళ్లే ఎక్కువ. చలి మొదలైందంటే చాలు, "అన్నా, గీజర్ సరిగ్గా వేడెక్కట్లేదు" అని పొద్దున్నే ఫోన్లు.

మొన్న డిసెంబరులో ఒక పీజీ నడిపే అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, మూడో అంతస్తు గీజర్‌కు కొత్త కాయిల్ తెచ్చెయ్. పాతది వీక్ అయిందని ఇంకో మెకానిక్ చెప్పిపోయాడు" అంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కాయిల్ తెగితే చుక్క వేడి రాదు, లీకైతే కరెంటు కొడుతుంది లేదా ట్రిప్ అవుతుంది. కొంచెం కొంచెంగా వీక్ అవడం మాత్రం చాలా అరుదు. అందుకే కాయిల్ కొనకుండా మీటర్లు పట్టుకుని వెళ్లాను.

కావాల్సిన అంకెలు రెండే. గీజర్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి, అందులోంచి ఎన్ని యాంపియర్లు పోతున్నాయి. గీజర్ నడుస్తుండగా ఈ రెండూ ఒకేసారి చూడాలి. ఆ తర్వాత లెక్క సులువు:

వోల్టులు ÷ యాంపియర్లు = ఓములు
వోల్టులు × యాంపియర్లు = వాట్లు

మొదటిది జర్మనీలో ఓమ్ అనే ఆయన 1827లో అచ్చు వేయించిన సూత్రం, బడిలో "నిరోధం" అని చదువుకున్నదే. రెండోది సామర్థ్యం, అంటే సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతుందో చెప్పేది.

కొలవడంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. క్లాంప్ మీటరు అంటే వైరు చుట్టూ నోటితో పట్టుకుని యాంపియర్లు చూపించేది. దాన్ని మొత్తం కేబుల్‌కు తగిలిస్తే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో వెనక్కి వస్తూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజు వైరు ఒక్కటే దాని నోట్లో ఉండాలి. ఇక మామూలు మల్టీమీటరును యాంపియర్లకు తిప్పి దాని తీగలను సాకెట్‌లో గుచ్చారంటే అది షార్ట్ చేసినట్టే. ఆ పని కలలో కూడా చేయకండి. బోర్డు మూత, గీజర్ మూత విప్పడం అలవాటు లేనివాళ్లు ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే 16 యాంపియర్ల పవర్ మీటర్ కొనుక్కోండి. ఎస్పీ రోడ్డులో అడిగితే ఇస్తారు. వోల్టులు, యాంపియర్లు రెండూ చూపిస్తుంది, తీగ ముట్టుకునే పనే లేదు.

ఆ గీజర్ 15 లీటర్లది, దాని మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. కాయిల్ బాగుంటే ఎన్ని ఓములు ఉండాలో ముందు వేసుకున్నాను. వోల్టులను వాటితోనే గుణించి, వాట్లతో భాగిస్తే చాలు: 230 × 230 ÷ 2000, అంటే 26.45 ఓములు.

గీజర్ కింది మూత తీసి, వైరు వచ్చి చేరే చోట చూశాను. థర్మోస్టాట్ ఆపి కాయిల్‌కు కరెంటు పోకుండా ఉంచితే 226 వోల్టులు. కాయిల్ నడవగానే 206కి దిగిపోయింది! క్లాంప్ 7.8 యాంపియర్లు చూపించింది. 206 ÷ 7.8 = 26.4 ఓములు. కాయిల్ నిక్షేపంగా ఉంది. కానీ 206 × 7.8 = 1607 వాట్లే అందుతున్నాయి. 20 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు రావాలంటే పూర్తి 2000 వాట్లతో 21 నిమిషాలు పడుతుంది. ఇక్కడ 26 పడుతోంది. పొద్దున్నే ఎనిమిది మంది వరసలో నిలబడే చోట ఆ ఐదు నిమిషాలు చాలా ఎక్కువ.

మరి ఆ 20 వోల్టులు ఎక్కడికి పోయాయి? అదే లెక్క వాటికీ వేయండి. 20 ÷ 7.8 = 2.56 ఓములు, దారిలో ఎక్కడో అడ్డం పడి ఉన్నాయి. 20 × 7.8 = 156 వాట్లు నీళ్లకు కాకుండా ఆ దారిలోనే వేడిగా పోతున్నాయి. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి ఆరు గోడ వెంబడి పెట్టి మరిచిపోయినట్టు లెక్క.

మెయిన్ ఆపి వైరు వెంట చెయ్యి పెట్టుకుంటూ పోతే ఫాల్స్ సీలింగ్ అంచున దొరికింది. వైరు పొట్టిగా ఉందని ఎవరో ఇంకో ముక్క మెలేసి టేపు చుట్టారు. టేపు కరిగి బంకలా వేళ్లకు అంటుకుంది. లోపల రాగి నల్లగా మాడి, పట్టుకుంటే పెళుసుగా విరిగింది. పైన ప్లైవుడ్డు మీద అరచేయంత గోధుమరంగు మచ్చ. ఆ గదిలో నలుగురు పిల్లలు పడుకుంటారు. దాన్ని చూశాక నా గుండె కాసేపు దడదడలాడింది.

జాయింట్ లేకుండా 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు ఒకే ముక్కగా లాగాను. మళ్లీ కొలిస్తే 222 వోల్టులు, 8.4 యాంపియర్లు, అంటే 1865 వాట్లు. ఓములు మళ్లీ అవే 26.4.

దారిలో పోయే వేడి యాంపియర్లను వాటితోనే గుణించినంతగా పెరుగుతుంది: 7.8 × 7.8 × 2.56 వేసినా అదే 156. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలారు బంగారు గనులకు వంద కిలోమీటర్లకు పైగా కరెంటు పంపినప్పుడు వోల్టులను వేలల్లోకి పెంచింది ఇందుకే. వోల్టులు పెరిగితే అంతే వాట్లకు యాంపియర్లు తగ్గుతాయి.

ఈ లెక్క గీజర్, ఇస్త్రీపెట్టె, రాడ్ లాంటి వేడి వస్తువులకు సరిగ్గా సరిపోతుంది. ఫ్యాను, ఫ్రిజ్, మోటారుకు మాత్రం వోల్టులను యాంపియర్లతో గుణిస్తే వచ్చేది అసలు వాట్ల కంటే ఎక్కువగా ఉంటుంది. వాటికి పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ గుణకారంలో అసలు వాట్లు ఎంత వంతో కూడా చూపించే మీటరు కావాలి. పాత ఫిలమెంటు బల్బుతోనూ జాగ్రత్త. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు లెక్క ప్రకారం 529 ఓములు, ఆరిపోయి చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు. బల్బు పాడవలేదు, తీగ చల్లారిందంతే.