పూడుల్‌కి ఇంట్లో స్నానం: ముందు దువ్వెన, తర్వాతే నీళ్లు

పూడుల్ లాంటి ఉంగరాల జుట్టు కుక్కకి స్నానం చేయించాలంటే సగం పని నీళ్లు ముట్టుకోకముందే అయిపోవాలి. చిక్కులు ఉండగా తడిపితే అవి ఇంకా బిగుసుకుపోతాయి, ఆ తర్వాత చాలాసార్లు కత్తిరించడమే దారి. అందుకే ముందు స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్లు దగ్గరదగ్గరగా ఉండే బ్రష్) పాయలు పాయలుగా దువ్వి, స్టీలు దువ్వెన చర్మం దాకా ఎక్కడా ఆగకుండా దిగుతోందో లేదో చూడండి. చెవుల వెనక, చంకల్లో, కాలర్ ఉండే చోట మరీ జాగ్రత్త.

గోరువెచ్చని నీళ్లు చాలు. మన షాంపూ వద్దు. కుక్కల షాంపూనే మగ్గు నీళ్లలో పలచన చేసి పోస్తే లోపలిదాకా వెళ్తుంది. గుండ్రంగా రుద్దితే మళ్లీ చిక్కు పడుతుంది, జుట్టు వాలు వైపే వేళ్లతో మెల్లగా నొక్కండి. చెవుల్లోకి నీళ్లు పోనివ్వొద్దు. కారే నీళ్లు తేటపడేదాకా కడగండి, మిగిలిన షాంపూ దురద పెడుతుంది పాపం.

అసలు ఓపిక కావాల్సింది ఆరబెట్టడానికే. తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు. దానంతట అదే ఆరుతుందిలే అని వదిలేస్తే పైకి పొడిగా కనిపించినా మొదళ్లలో తడి ఉండిపోతుంది, వానాకాలంలో అయితే వాసన, చర్మం ఎర్రబడటం కూడా. డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, మీ చేతి మీద చూసుకుని, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ, గాలి తగిలే చోటే మొదళ్ల నుంచి చివరిదాకా బ్రష్‌తో సాగదీయండి. శబ్దానికి భయపడేదైతే మామూలు రోజుల్లోనే దూరంగా డ్రయర్ వేసి ఇష్టమైనది తినిపిస్తూ అలవాటు చేయండి, బలవంతం అస్సలు వద్దు. చివర్లో కాలివేళ్ల మధ్య కూడా తడి చూడండి. చెవి ఎర్రబడి వాసన వస్తుంటే ఇంట్లో ఏమీ పోయకుండా పశువుల డాక్టర్‌కి చూపించండి.